వలల వరసలో ఖాళీ చోటు

నేను చదివింది నాలుగో తరగతి. ఉత్తరాలు కూడా పెద్దగా రాసినదాన్ని కాదు. ఇది రాయడానికి కూర్చుని, మొదటి మాట ఎక్కడ పెట్టాలో తెలియక లేచి పొయ్యి దగ్గరికి పోయి వచ్చాను. పొయ్యి మీద ఏమీ లేదు. ముందూ వెనకా అయితే మీరే సర్దుకుని చదువుకోండి.

మాది సూళ్లూరుపేటకు తూర్పున, ఉప్పు సరస్సు ఒడ్డున ఒక ఊరు. ఇప్పుడు ఆ పక్క రాకెట్లంటారు, బస్సులంటారు. నేను చెప్పేది అవేవీ లేనప్పటి మాట, అరవైల్లోది. అప్పుడు పేటకు పోవాలంటే కొంత పడవ, కొంత నడక.

సరస్సు సముద్రంలో కలిసే చోటును మేము మొగ అంటాం. మొగకు కాస్త ఇవతల నీళ్ళు కాలవలాగా ఇరుకవుతాయి. ఆ కాలవకు అడ్డంగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా గుంజలు పాతి, గుంజకూ గుంజకూ మధ్య సంచుల్లాంటి వలలు కట్టేవారు మావాళ్ళు. సముద్రం వెనక్కి తీసేటప్పుడు సరస్సు నీళ్ళు జోరుగా బయటికి పోతాయి. ఆ జోరుకు రొయ్యలు వచ్చి సంచుల్లో పడతాయి. ఇంటికో వల, వలకో చోటు. నడిమి చోట్లలో లోతు, రొయ్య ఎక్కువ. ఒడ్డు పక్కన తక్కువ. అందుకని ఏ చోటూ ఎవరి సొంతమూ కాదు. అమావాస్య అమావాస్యకూ పంచుకుంటారు. ముంతలో ఆల్చిప్పలు వేస్తారు. చిప్పల మీద గీతలుంటాయి. ఇంటికొకరు వచ్చి ముంతలో చెయ్యి పెట్టి ఒక చిప్ప తీస్తారు. ఎన్ని గీతలుంటే ఈ ఒడ్డు నుంచి అన్నో చోటు. మళ్ళీ అమావాస్య దాకా అది వాళ్ళది.

ఒక ఏడు కార్తీకంలో గాలివాన వచ్చింది. మొగ తెగి వెడల్పయింది. వల విప్పుకొని వస్తానని పోయిన నా మొగుడు తిరిగి రాలేదు. పడవ దొరికింది. మనిషి దొరకలేదు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో నేనూ మా అత్తా మిగిలాం. అత్తకు ఆయన ఒక్కడే కొడుకు.

దొరకని మనిషి విషయంలో మా ఊరికి ఒక కట్టు ఉంది. అతని పేరు వరసలోంచి తీసెయ్యకూడదు. ఆ ఇంటి ఆడది వచ్చి ముంతలో చెయ్యి పెట్టినంతకాలం అతను ఉన్నట్టే. ఆమె తీసిన చిప్ప మీద ఎన్ని గీతలుంటే ఆ చోటు అతనిది. అక్కడ ఇంకెవరూ వల కట్టరు. ఖాళీగా వదిలేస్తారు. ప్రతి వల నుంచీ ఆ ఇంటికి గుప్పెడు రొయ్యలు పంపిస్తారు. ఆడది ఏ రోజున చెయ్యి పెట్టనంటే ఆ రోజుతో పేరు పోతుంది, ఖాళీ మూసేస్తారు, గుప్పెడు కూడా ఆగిపోతుంది. పెట్టవద్దని ఆమెతో ఎవరూ అనకూడదు. ఊరి పెద్ద అయిన పెద్దకాపు కూడా అనకూడదు.

అంటే అంతా నా చేతిలో పడింది. తను బతికున్నంతకాలం కొడుకు చోటు కాలవలో ఉండాలని అత్త. ఎప్పుడు మూస్తామా అని ఊరు. నాకు అటూ లేదు, ఇటూ లేదు.

మొదటి అమావాస్యకు అత్త నా మణికట్టు పట్టుకుని, కాలవ ఒడ్డున చిప్పలు తీసే చోటికి తీసుకుపోయింది. మామూలుగా ఆడవాళ్ళు అక్కడికి రారు. మగవాళ్ళు జరిగి దారి ఇచ్చారు. పెద్దకాపు ముంత నా ముందు పెట్టాడు.

"పెట్టు పాపా," అన్నాడు.

పెట్టాను. లోపల చిప్పలు చల్లగా ఉన్నాయని తెలిసింది. అంతే తెలిసింది. ఒకటి తీసి ఇచ్చాను. ఆయన గీతలు లెక్కపెట్టాడు.

"నడిమి చోటు," అన్నాడు.

వెనకనుంచి ఎవరో, "బతికుండంగా ఒక్కసారన్నా పళ్ళేదే వాడికి నడిమి చోటు," అన్నారు. కొందరికి నవ్వు వచ్చి ఆపుకున్నారు. అత్త మాత్రం ఆపుకోలేదు. నవ్వింది.

"ఇప్పుడు పడింది గదరా నా కొడుక్కి," అంది.

నడిమి చోటు ఖాళీగా ఉండేసరికి నీళ్ళకు దారి దొరికింది. జోరంతా అందులోనుంచే పోయింది. మొదట్లో ఊరు ఊరంతా కాలవలోనే ఉంది. ఒకడు తన గుంజ ఇటు జరిపాడు. దానికి పక్కవాడు తన గుంజ అటు జరిపాడు. ఒకడు సంచి లోతు పెంచాడు, ఇంకొకడు తాడు బిగించాడు. వలలు చిరిగాయి. తిట్టుకున్నారు. ఒకసారి తెడ్లతో కొట్టుకునే దాకా వచ్చింది. ఎవరికి వాళ్ళు తమది సరిచేసుకుంటే చాలనుకున్నారు, ఎవరిదీ సరిగా రాలేదు. తర్వాత అమావాస్యకు నా చిప్ప ఇంకో చోట పడింది. ఖాళీ అక్కడికి పోయింది. వలలన్నీ మళ్ళీ మొదటినుంచీ.

అయితే ఆ గోల ఎక్కువ కాలం లేదు. చలికాలం పోయేసరికి అందరూ ఊరుకున్నారు. తక్కువ రొయ్యలకే అలవాటు పడ్డారు. సగం గంప తెచ్చుకుని ఇంతే అనేవారు. అమావాస్య వచ్చేది, నేను చెయ్యి పెట్టేదాన్ని, ఖాళీ ఎక్కడో ఒక చోట ఉండేది. పైనుంచి చూసేవాళ్ళకు ఊరు మామూలుగానే కనిపించేది.

నా సంగతీ అంతే. గాలివాన తర్వాత ఏడ్చాను. ఇసకలో పడి దొర్లితే నలుగురు పట్టుకున్నారు. తర్వాత ఆగిపోయింది. పొద్దున లేస్తాను, చిమ్ముతాను, వండుతాను. చేతులకు పని తెలుసు. కొన్నాళ్ళకు నోటికి ఉప్పు తెలియడం పోయింది. అది కూడా నాకు వెంటనే తెలియలేదు. అత్త పళ్ళెంలో పెట్టింది తినేది, ఏమీ అనేది కాదు.

ఆ ఎండాకాలం ఒకాయన వచ్చాడు. నెల్లూరులో కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడట. మేము అయ్యవారు అనేవాళ్ళం. నక్షత్రాల గురించి ఏదో పెద్ద చదువు చదువుతున్నాడు, లెక్కలు చేసుకోవడానికి సద్దులేని చోటు కావాలట. ఊరి చివర ఉప్పు ఆఫీసు వాళ్ళు వదిలేసిన పెంకుటిల్లు ఉంటే అందులో దిగాడు. చేపలు తినే మనిషే కాబట్టి అన్నం మా ఇంటి నుంచి కుదిర్చారు. మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని నేను పోయేదాన్ని. వయసులో ఉన్న దాన్ని ఒక్కదాన్నే పంపించదు కదా, అత్త కూడా వచ్చి గుమ్మంలో కూర్చునేది. ఆయన తినేదాకా ఉండి గిన్నెలు తెచ్చుకునేవాళ్ళం.

ఒకరోజు ఆయన వరండాలో తింటున్నాడు. మా పక్కింటి అక్క కాలవ మీదనుంచి గంపతో వస్తూ మమ్మల్ని చూసి ఆగింది. ఆ నెల ఆమె మొగుడి వల అవతలి ఒడ్డు చివరన ఉంది. మా ఖాళీ మళ్ళీ నడిమిన పడింది.

"ఇదిగో మే, మీ ఇంటి గుప్పెడు," అని గంపలోంచి తీసి నా కొంగులో వేసింది. "గుప్పెడు గాదులే, చిటికెడు. మళ్ళా నడిమిన్నే తీసినావు. ఏం చెయ్యే నీది? దాన్ని నరికి గుంజ మాదిరి కాలవలో పాతాల."

అత్త ఊరుకుంటుందా. "నా కొడుకు చోటు నడిమిన ఉండాది. నీ మొగుడు ఆ చివర్న ఉండాడు. నడమ ఎంతమంది ఉండారు! నావోడు నీ మొగుణ్ణేం జేసినాడే?"

"అదే తెలీక చస్తా ఉండా పెద్దమ్మా. పక్కనున్నోడికి తగిలిందంటే సరే. అంత దూరాన ఉండే మాకు యాడ తగిలింది? సంచి ఉబ్బేదే లేదు. తడిపిన కోక మాదిరి ఏలాడతా ఉండాది."

అయ్యవారు తినడం ఆపాడు. ఎంగిలి చెయ్యి అట్లాగే పట్టుకుని వరండా చివరికి వచ్చాడు.

"చివరి వలకు కూడానా అమ్మా?"

"చివర్దానికీ, మొదటిదానికీ, అన్నిటికీ సామీ."

"అన్నిటికీ ఒకేసారా? పక్కదానికి ముందు, దాని పక్కదానికి తర్వాత, అట్లా కాకుండా?"

"ముందూ లేదు, ఎనకా లేదు. ఆయమ్మ చిప్ప తీస్తే అందరం ఒకేసారి చస్తాం." అక్క ఆయన చెయ్యి చూసింది. "ఏంది సామీ, అన్నం మీంచి లేచి వచ్చేసినారు? కూరలో ఉప్పెక్కువైందా?"

"అది రోజూ ఎక్కువే," అన్నాడు ఆయన. అనేసి నాలిక కరుచుకున్నాడు.

అక్క గంప కింద పెట్టి మరీ నవ్వింది. నేను అత్తను చూశాను. అత్త నన్ను చూడలేదు. మర్నాటి నుంచి పొయ్యి మీద కూర దించకముందే అత్త గరిటతో అరచేతిలో వేసుకుని రుచి చూడటం మొదలుపెట్టింది. అప్పుడు నాకు అర్థమైంది.

ఆరోజు అయ్యవారు చెయ్యి కడుక్కుని వచ్చి మా ఎదురుగా కూర్చున్నాడు. ఆ ఖాళీ ఏమిటో, ముంత ఏమిటో అన్నీ అడిగాడు. అత్త చెప్పింది. చాలా సేపు విని, "పెద్దమ్మా, వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు పోస్తే ఏమవుతుంది?" అన్నాడు.

"గోరెచ్చగా అవతాయి. దీనికి కాలేజీ కావాల్నా?"

"ఎందుకవుతాయి? ప్రతి బొట్టూ తన పక్క బొట్టుకే వేడి ఇస్తుంది. అది దాని పక్కదానికి. అట్లా ఇచ్చుకుంటూ పోతే కాసేపటికి అంతా ఒకటే. ఆ తర్వాత ఏవి వేణ్ణీళ్ళో ఏవి చన్నీళ్ళో ఎవరూ చెప్పలేరు. నీళ్ళకు పాత గుర్తు ఉండదు. దాన్ని కుదురుకోవడం అంటాం."

"సరే."

"నక్షత్రాల గుంపు అట్లా కాదు. అవి ఒకదాన్నొకటి తాకవు. కానీ ప్రతి ఒక్కటీ మిగిలినవాటన్నిటినీ లాగుతుంది. పక్కదాన్నే కాదు, ఆ చివర ఉన్నదాన్ని కూడా. మీ కాలవలో ఒక్క చోటు ఖాళీ అయితే అన్ని వలలకూ తెలిసినట్టు. ఆ గుంపును ఒక్కసారి కదిలించామనుకోండి. ముందు గాలివానే. ఒకటి లోపలికి పడుతుంది, ఒకటి బయటికి విసిరేసినట్టు పోతుంది. కానీ అది ఎక్కువ కాలం ఉండదు. తొందరలోనే ఆగిపోతుంది. చూసినవాళ్ళు అమ్మయ్య, కుదురుకుంది అనుకుంటారు."

"కుదురుకోలేదా?" అన్నాను.

ఆయనతో నేను మాట్లాడటం అదే మొదలు. అత్త తల తిప్పి చూసింది.

"లేదమ్మా. ఆగింది అంతే. అన్నిటి లాగుడూ కలిసి ఒక రకంగా నిలబడిపోయింది. ఒక్కొక్క నక్షత్రం ఆ మొత్తం లాగుడులోనే తిరుగుతూ ఉంటుంది. మొత్తం మారితే తప్ప అది మారదు. అవి మారితే తప్ప మొత్తం మారదు. అట్లా పడి ఉంటాయి. మొదట ఎట్లా ఉన్నాయో ఆ గుర్తు కూడా వాటికి చాలా వరకు పోదు. నీళ్ళలాగా మర్చిపోవు."

"ఎన్నాళ్ళు?"

"నేను చేస్తున్న లెక్క అదే. గుంపు ఎంత పెద్దదయితే అంత ఎక్కువ కాలం. కొన్నే ఉంటే తొందరగా కదులుతాయి."

అత్త కాళ్ళు చాపుకుంది. "అట్టయితే మాకు తొందరగా కుదరాల. ఇద్దరమే గదా."

ఆయన మెల్లగా, "మీరిద్దరే కాదు పెద్దమ్మా, ఊరంతా ఉంది గదా అందులో," అన్నాడు.

"మరి ఎట్లా కదలతాయి?" అని నేను అడిగాను.

"ఒకటి ఇంకోదానికి దగ్గరగా పోయినప్పుడు దాన్ని రవ్వంత పక్కకు జరుపుతుంది. రవ్వంతే. మొత్తం లాగుడు ముందర అది లెక్కలోకే రాదు. కానీ అట్లాంటివి లెక్కలేనన్ని జరగాలి. చివరికైనా నక్షత్రాలకు పూర్తిగా కుదురు లేదులే. నడిమి గుంపు ఇంకా దగ్గరవుతుంది, అంచున ఉన్నవి ఒకటీ అరా గుంపు వదిలిపెట్టి పోతాయి."

అంతా అర్థమైందని చెప్పను. ఇప్పుడు రాస్తున్నది కూడా ఆయన అన్నట్టే ఉందో లేదో. ఇంటికి వచ్చేటప్పుడు అత్త, "చదువు ఎక్కువైతే ఇంతే, చుక్కలకు కూడా చుట్టరికాలు కలపతా ఉండాడు," అంది. ఆగింది అంతే అన్న మాట ఒకటి నాతో వచ్చింది.

ఇంకోరోజు పోయేసరికి వరండా స్తంభాలకు వదులుగా ఒక తాడు కట్టి, దానికి వలల అడుగున కట్టే మట్టి గుండ్లు వరసగా వేలాడదీసి ఉంచాడు. ఒక చివర గుండును లాగి వదిలాడు. కాసేపటికి అన్నీ ఊగుతున్నాయి. మొదట ఊగినది నిలబడింది, అవతలి చివరది ఎగిరెగిరి పడింది, మళ్ళీ ఇటు వచ్చింది.

అత్త చప్పట్లు కొట్టింది. "ఉయ్యాలలు కట్టినావా సామీ? ఎంత ముచ్చటగా ఉండాయి! మా ఇంట్లో ఊగేదానికి పిల్లకాయలే లేకపోయిరి."

అనేసి నా మొహం చూసింది. నాకు ఏమీ కాలేదు. అన్న మాటకు ఇబ్బంది పడి ఆమె లేచి పోయి ఒక గుండును పట్టుకుని ఆపింది. వదలగానే మిగిలినవి దాన్ని మళ్ళీ ఊపాయి. ఇంకోటి పట్టుకుంది. అదీ అంతే. అయ్యవారు కూడా సాయం వచ్చాడు. ఇద్దరూ ఆ గుండ్ల వెంట పడుతుంటే చూస్తూ చూస్తూ నేను లేచి పైన తాడును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. అవి ఇక ఒకదాన్నొకటి ఊపుకోలేదు. దేనికది ఊగి ఊగి ఆగిపోయాయి.

అయ్యవారు నవ్వాడు. "ఆకాశంలో పట్టుకోవడానికి తాడు ఉండదమ్మా," అన్నాడు.

సెలవులు అయిపోయి ఆయన వెళ్ళిపోయాడు. పడవ ఎక్కేటప్పుడు అత్త, "లెక్క తేలిందా సామీ?" అని అడిగింది. "తేలలేదు పెద్దమ్మా, కాగితాలు అయిపోయినాయి," అన్నాడు. మళ్ళీ రాలేదు. తర్వాత ఆయన ఏమయ్యాడో నాకు తెలియదు.

వానలు మొదలయ్యాయి. గాలివాన వచ్చి ఏడాది తిరిగే రోజులు. అమావాస్య దగ్గర పడుతుండగా ఒక పొద్దున పక్కింటి అక్క మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో రోకలి. అది మాదే. ఎప్పుడో నా పెళ్ళికి ముందు తీసుకుపోయి, మా అత్త ఎన్ని తిట్లు తిట్టినా తిరిగి ఇవ్వని రోకలి.

అత్త దాన్ని చూసి చేటలో బియ్యం చెరగడం ఆపింది. "యాడికే?"

"పేటకి పెద్దమ్మా."

"ఏం జేసేదానికి?"

"ఆయన రైలు టేషన్ కాడ మూటలు మోస్తానంటన్నాడు. నేను యాడన్నా అంట్లు తోముకుంటా. ఈ అమావాస్యకి కూడా చివర పడిందంటే బయల్దేరతాం."

"వలోడు మూటలు మోసేదేందే?"

"వలలో ఏం పడతా ఉండాదని, వలోడు అనేదానికి?"

ఆమె తిట్టడానికి వచ్చిందేమో అని నేను చూశాను. తిట్టలేదు. నా చెయ్యి నరకాలని కూడా అనలేదు. రోకలి గోడకు ఆనించి, నా కొంగులో గుప్పెడు రొయ్యలు వేసింది. తడి రొయ్యలు. ఆ రోజు ఆమె గంపలో ఉన్నవే కాసిని. వాటిలోనుంచి గుప్పెడు నిండుగా తీసింది.

"పొంగిపోకుండా చూడు మే, పొయ్యి మీద గంజి," అని నాకు చెప్పి వెళ్ళిపోయింది.

ఆమె పోయాక అత్త ఆ రోకలిని చాలా సేపు చూసింది. మూలన పెట్టింది. మళ్ళీ తీసి ఇంకో మూలన పెట్టింది.

అమావాస్య రోజు నేను కాళ్ళు కడుక్కుని అత్త కోసం నిలబడ్డాను. ప్రతిసారీ నా మణికట్టు పట్టుకుని తీసుకుపోయేది ఆమే. ఆరోజు గోడకు ఆనుకుని కూర్చుంది, లేవలేదు.

"మోకాళ్ళు లాగతా ఉండాయి. నువ్వు బో," అంది.

ఒక్కదాన్నే పోయాను. దారిలో ఏమీ అనుకోలేదు. పెడతాననీ అనుకోలేదు, పెట్టననీ అనుకోలేదు. అందరూ ఉన్నారు. అక్క మొగుడు వెనక నిలబడి చేతులు కట్టుకుని ఉన్నాడు. పెద్దకాపు ముంత తెచ్చి నా ముందు పెట్టాడు.

"పెట్టు పాపా."

నేను ముంతలోకి చూశాను. చిప్పలు తెల్లగా కనిపించాయి. చెయ్యి కదల్లేదు.

"చాల్లే మామా," అన్నాను.

"ఏం చాలు పాపా? నోటితో జెప్పాల. రేప్పొద్దున ఎవురూ ఒక మాట అనకూడదు."

"నేను చెయ్యి పెట్టను. ఆయన చోటు మూసెయ్యండి."

సంతోషించినవాళ్ళు ఎవరూ నాకు కనిపించలేదు. ఏడాదంతా దీనికోసమే ఎదురు చూసినవాళ్ళు అందరూ కాళ్ళ కింద ఇసకను చూస్తున్నారు. పెద్దకాపు ముంతలోంచి అన్నిటికంటే ఎక్కువ గీతలున్న చిప్ప వెతికి తీసి, కాలవలోకి విసిరేశాడు. వరసలో ఒక చోటు తగ్గింది కదా. ముంత నా ముందు నుంచి తీసి పక్కవాడి ముందు పెట్టాడు. నేను ఇంటికి వచ్చాను.

"ఏ చోటు పడింది?" అంది అత్త.

"పెట్టలేదు."

ఆమె చేటలో రాళ్ళు ఏరుతోంది. ఏరుతూనే ఉంది. చేటలో బియ్యం అయిపోయాయి, అయినా వేళ్ళు ఇంకా కదులుతున్నాయి. తిడుతుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను. కొట్టినా నాకు తెలుస్తుందో లేదో అనుకున్నాను. ఆమె చేట పక్కన పెట్టి లేచి బయటికి నడిచింది. మోకాళ్ళు లాగుతున్న మనిషి నడిచినట్టు లేదు. నేను వెనకాలే పోయాను.

కాలవ దగ్గర మగవాళ్ళు అప్పటికే నీళ్ళలో దిగి ఉన్నారు. ఒక్క ఖాళీ మూయాలంటే ఒక్క గుంజ పాతితే సరిపోదు. చోట్లన్నీ సమానంగా ఉండాలి కాబట్టి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఉన్న గుంజలన్నీ పెరికి, ప్రతిదాన్నీ కాస్త కాస్త జరిపి మళ్ళీ పాతాలి. ఒకరు పట్టుకుంటున్నారు, ఒకరు కొడుతున్నారు. అత్త ఒడ్డున నిలబడి చూస్తోంది. నేను ఆమె పక్కన నిలబడ్డాను. పొద్దు వాలేదాకా అట్లాగే ఉన్నాం. కిందటి నెల ఖాళీ ఉన్న నడిమికి వచ్చేసరికి వాళ్ళు మమ్మల్ని చూసి కొంచెం తటపటాయించారు. అక్క మొగుడు గుంజ పట్టుకుని నీళ్ళలో నిలబడ్డాడు, దించలేదు.

"ఏందిరా చూస్తా ఉండావు?" అని అరిచింది అత్త. "దించు!"

వాడు దించాడు.

"అది వాలింది. కళ్ళు లేవా? పడమటికి లాగు."

"యాడ వాలింది పెద్దమ్మా? నిట్టనిలువుగా ఉండాదే."

"నాకు జెప్తావా? లాగరా రవ్వంత. ఇంకా. ఇంకా. ఆఁ, చాలు. ఇప్పుడు కొట్టు."

వాళ్ళు ఆమె చెప్పినట్టే లాగి కొట్టారు. పక్క గుంజ కూడా ఆమె చెప్పినట్టే. ఆఖరి గుంజ దాకా ఒడ్డున అటూ ఇటూ నడుస్తూ ఆమె అరుస్తూనే ఉంది. మా వెనక ఎప్పుడు వచ్చి నిలబడిందో పక్కింటి అక్క, "ముసిల్దాని నోరు జూడు, పెద్దకాపుకి కూడా లేదు," అంది. నీళ్ళలో ఉన్నవాళ్ళు నవ్వారు. అత్త వెనక్కి తిరిగి, "నా రోకలి మళ్ళా తీసకపోయినావంటే కాళ్ళిరగ్గొడతా," అంది.

వలలు కట్టాక, నీళ్ళు వెనక్కి తీయడం మొదలైనప్పుడు సంచులన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒక్కసారే ఉబ్బాయి. ఆయన చోటు ఎక్కడుండేదో నేను వెతికాను. తెలియలేదు. నాకు అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. అనిపిస్తుందేమోనని నిలబడ్డాను, చీకటి పడుతుంటే అత్త రమ్మంది.

మర్నాడు గుప్పెడు రాలేదు. రాకూడదు, అది కట్టు. మేమిద్దరం రేవుకు పోయి నలుగురితో పాటు రొయ్యలు ఒలవడానికి కూర్చున్నాం. అక్కావాళ్ళు పేటకు పోలేదు. కొన్నేళ్ళకు పోయింది మేమే. స్టేషన్ దగ్గర ఎండు చేపల దుకాణం పెట్టుకున్నాం. అయ్యవారు అన్న అంచు నక్షత్రాలు ఒకోసారి గుర్తొచ్చేవి, ఒకోసారి రావు.

ఉప్పు ఎప్పుడు తెలియడం మొదలైందో నేను చెప్పలేను. ఇదీ ఆ రోజు అని ఏదీ లేదు. పేటకు వచ్చాక ఒక మధ్యాహ్నం చూస్తే, అత్త కూర రుచి చూడకుండానే పళ్ళేల్లో వడ్డిస్తోంది. ఎప్పుడు మానేసిందో నేను అడగలేదు.